మ్యాటర్ అనులో ఉందా, యూనికోడ్‌లో ఉందా?

వెబ్‌సైట్ పని ఒప్పుకునేటప్పుడే క్లయింటుని ఈ మాట అడగండి. అను అంటే డీటీపీ వాళ్లు వాడే తెలుగు ఫాంట్లు; యూనికోడ్ అంటే వెబ్‌లో, ఫోన్లలో తెలుగు తెలుగులానే కనిపించే పద్ధతి. పాంప్లెట్ కోసం డీటీపీ సెంటర్లో కొట్టించిన అను ఫైలే చాలామంది పంపుతారు. దాన్ని పేజీలో పేస్ట్ చేస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌లో వేసినా ఒత్తులు ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సిందే. నేనొకసారి ఆ పని ఊరికే చేసిపెట్టి రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. ఇప్పుడు కొటేషన్లోనే టైపింగ్‌కి పేజీకింత అని విడిగా రాస్తున్నా.

ఫొటోలు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది.

ఇక "ఒక్క చిన్న మార్పు సార్" అని ఫోనొస్తే వెంటనే సరేననకండి. "మెసేజ్ పెట్టండి, ఎంతవుతుందో, ఎన్ని రోజులు పడుతుందో చెప్తాను" అనండి. సగం మార్పులు ఆ మెసేజ్ దాకా రానే రావు.