డిస్క్ గోల్ఫ్‌లో మొదటి డ్రైవర్: స్పీడ్ 7 దాటొద్దు

డిస్క్ గోల్ఫ్ అంటే ప్లేట్ లాంటి డిస్క్‌ని విసిరి బుట్టలో వేసే ఆట; అందులో ఎక్కువ దూరం విసరడానికి వాడే డిస్క్ డ్రైవర్. దాని మీద సాధారణంగా నాలుగు అంకెలుంటాయి: వరసగా స్పీడ్, గ్లైడ్ (గాల్లో తేలడం), టర్న్ (మొదట్లో ఒక పక్కకు ఒరగడం), ఫేడ్ (చివర్లో రెండో పక్కకు వాలడం). కొత్తవాళ్లు చాలామంది ఎక్కువ దూరం పోతుందనుకుని స్పీడ్ 12, 13 ఉన్నది కొనేస్తారు. స్పీడ్ అంటే డిస్క్‌లో దాగున్న వేగం కాదు, అది సరిగ్గా ఎగరాలంటే మీ చెయ్యి ఇవ్వాల్సిన వేగం. అది అందకపోతే, కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి విసరడం) విసిరేవాళ్లకు డిస్క్ సగం దారిలోనే ఎడమకు తిరిగి దిగిపోతుంది. పైగా అంచు వెడల్పు, పట్టు కుదరదు.

స్పీడ్ 6 లేదా 7, గ్లైడ్ 5, టర్న్ -2, ఫేడ్ 1 ఉన్న ఫెయిర్‌వే డ్రైవర్ (మధ్యస్థ స్పీడ్ డ్రైవర్) తీసుకోండి. ఇన్నోవా కంపెనీ లెపర్డ్ డిస్క్ అంకెలు 6, 5, -2, 1. మొదటి డ్రైవర్‌గా చాలా మంచిది. బరువు 150 నుంచి 165 గ్రాముల మధ్య చూడండి, తక్కువ బలంతోనే లేస్తుంది. ఎదురుగాలిలో మాత్రం ఇలాంటి డిస్క్ కుడికి ఒరిగిపోతుంది, అప్పుడు నిలకడగా ఎగిరే మిడ్‌రేంజ్ (డ్రైవర్ కన్నా తక్కువ దూరానికి వాడే డిస్క్) వాడండి.

ఇంతా చూసి కొన్నా ఎడమకే పోతోందా? విసిరేటప్పుడు డిస్క్ ముందు అంచు పైకి లేస్తోందేమో గమనించండి. అలా లేస్తే ఏ డ్రైవరైనా పైకెగిరి ఎడమకే వాలుతుంది.