సీడీఎన్ పాఠాలు – 4: ఏది ఎంతసేపు దాచాలి?

పోయిన పాఠంలో సైటు ముందు సీడీఎన్ పెట్టాం. అంటే మన ఫైళ్ల కాపీలను వేర్వేరు చోట్ల ఉన్న తన సర్వర్లలో దాచి, చూసేవారికి దగ్గర్నుంచి అందించే ఏర్పాటు. అయితే ఏ ఫైలును ఎంతసేపు దాచుకోవాలో దానికి మనమే చెప్పాలి. అలా చెప్పేది మన సర్వర్ ఫైలుతో పాటు పంపే క్యాష్-కంట్రోల్ హెడర్ (హెడర్ అంటే ఫైలు గురించి చెప్పే చిన్న సూచన).

ఉదాహరణకి విజయనగరం సిరిమానోత్సవం కోసం ఒక సైటు కడుతున్నాం అనుకోండి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. 'ఇప్పుడు ఎక్కడుంది' అన్న పేజీని ఆ సాయంత్రం అందరూ ఒకేసారి తెరుస్తారు.

ముందు ఫొటోలు, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ సంగతి చూద్దాం. ఎన్ని సెకన్లు దాచాలో చెప్పే మ్యాక్స్-ఏజ్‌ను ఆ హెడర్లో వీటికి 31536000 పెట్టండి. అది ఒక ఏడాది. మరి ఫొటో మార్చాల్సి వస్తే? ఫైలు పేరే మార్చండి: 'సిరిమాను-1' తీసేసి పేజీలో 'సిరిమాను-2' రాయండి. అస్తమానం సీడీఎన్ కాపీని చెరిపేసే పర్జ్ బటన్ నొక్కడం కంటే ఇదే మేలని గట్టిగా చెబుతాను. పర్జ్ చేస్తే సీడీఎన్‌లోని కాపీ పోతుంది గానీ, భక్తుల ఫోన్లలో అప్పటికే దిగిన పాత ఫొటో అలాగే ఉంటుంది.

ఇక 'ఇప్పుడు ఎక్కడుంది' పేజీ. నిమిష నిమిషానికీ మారేదాన్ని దాచకూడదని చాలామంది వదిలేస్తారు. అసలు దాచాల్సింది దాన్నే! మ్యాక్స్-ఏజ్ 0, ఎస్-మ్యాక్స్ఏజ్ 60 ఇవ్వండి. మొదటిది బ్రౌజర్‌కి, రెండోది సీడీఎన్‌కి. ఎన్ని వేలమంది చూసినా ఒక్కో సీడీఎన్ కేంద్రం నిమిషానికి దాదాపు ఒక్కసారే మన సర్వర్ తలుపు తడుతుంది. సమాచారం మహా అయితే నిమిషం పాతబడుతుంది. ఊరేగింపు కబురుకి అది ఇబ్బంది కాదు.

లాగిన్, విరాళాల పేజీలకు మాత్రం నో-స్టోర్ (అసలు దాచొద్దు అనే సూచన) తప్పనిసరి. ఒకరి వివరాలు ఇంకొకరి కంట పడకూడదు.

ఫేస్‌బుక్ నుంచి వచ్చే లింకుల చివర ఎఫ్‌బీక్లిడ్ అనే తోక ఉంటుంది. తోక మారిన ప్రతిసారీ సీడీఎన్ దాన్ని కొత్త పేజీగా లెక్కేసి సర్వర్‌ను అడుగుతుంది. సెట్టింగ్స్‌లో క్యాష్ కీ (ఏ కాపీ ఏ పేజీదో సీడీఎన్ గుర్తుపట్టే పేరు) నుంచి ఆ తోకను తీసేయండి.

ఈ వారం అభ్యాసం: టెర్మినల్ నుంచి పేజీలు తెప్పించే కర్ల్ కమాండ్‌తో మీ పేజీ హెడర్లు రెండుసార్లు తెప్పించండి. ఏజ్ అనే అంకె పెరిగితే జవాబు సీడీఎన్ నుంచే వస్తున్నట్టు. ఎన్నిసార్లు అడిగినా మిస్ (సీడీఎన్ దగ్గర కాపీ లేదు) అనే చూపిస్తే, బ్రౌజర్లో కుకీ పెట్టే సెట్-కుకీ హెడర్ కోసం వెతకండి. అది కనబడితే చాలా సీడీఎన్‌లు పేజీని దాచవు. కుకీ అవసరం లేని పేజీల్లో దాన్ని ఆపేసి మళ్లీ చూడండి.