బ్రెస్ట్ ఎంఆర్‌ఐకి వెళ్తున్నారా? ఆ ఫారం ఆవిడతోనే నింపించండి

2025 జులైలో న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో, ఒక ఎంఆర్‌ఐ సెంటర్‌లో 61 ఏళ్ల మనిషి ప్రాణం పోయింది. స్కాన్ ఆయన భార్యకు. మోకాలి స్కాన్ అయ్యాక లేవడానికి సాయం పట్టమని ఆవిడ పిలిస్తే లోపలికి వెళ్లాడు. వ్యాయామం కోసం మెడలో వేసుకున్న దాదాపు తొమ్మిది కిలోల లోహపు గొలుసు అలాగే ఉంది. మెషీన్ ఆ గొలుసుతో పాటు మనిషినీ లాగేసింది. మన దేశంలోనూ జరిగింది. 2018 జనవరిలో ముంబైలో 32 ఏళ్ల యువకుడు బంధువు కోసం ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లి చనిపోయాడు. మెషీన్ ఆఫ్‌లో ఉందని సిబ్బందే చెప్పారని ఇంటివాళ్లు అన్నారు.

ఎంఆర్‌ఐ అయస్కాంతం ఆఫ్‌లో ఉండదు. స్కాన్ లేకపోయినా, రాత్రి సెంటర్‌కు తాళం వేసినా, కరెంటు పోయినా అది లాగుతూనే ఉంటుంది. లోపలి తీగచుట్టను ద్రవ హీలియంతో సున్నాకు దిగువన 269 డిగ్రీల వరకు చల్లబరిచి ఉంచుతారు. ఆ చలిలో తీగకు నిరోధం ఉండదు కాబట్టి ఒకసారి ఎక్కించిన కరెంటు అలా తిరుగుతూనే ఉంటుంది. 1.5 టెస్లా (అయస్కాంత బలాన్ని కొలిచే లెక్క) మెషీన్ బలం భూమి అయస్కాంత బలానికి 30,000 రెట్లకు పైనే. కరెంటు పోయింది కదా అని మామూలు స్ట్రెచర్ తోసుకొస్తున్న అటెండర్‌ను తలుపు దగ్గర నేనే రెండుసార్లు ఆపాను.

నేను హైదరాబాద్‌లో 14 ఏళ్లుగా ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. అక్టోబర్ వస్తోందంటే మాకు టెన్షన్. రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల కాబట్టి ప్యాకేజీలు పెడతారు. బతుకమ్మ, దసరా అయ్యాక చూద్దాంలే అని వాయిదా వేసుకున్నవాళ్లంతా ఒకేసారి వస్తారు. ఆ రద్దీలోనే తప్పులు జరుగుతాయి. ఫోన్, వాచీ, తాళాలు, ఏటీఎం కార్డు బయట పెట్టాలని గోడ మీదే రాసి ఉంటుంది, వాటి గురించి నేను చెప్పను. గోడ మీద రాయని తప్పు ఒకటుంది. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

పొద్దున్నే ఊరి నుంచి బస్సులో వచ్చి, ఎంజీబీఎస్‌లో దిగి, ఆటోలో సెంటర్‌కు వస్తారు. ఆవిడ వెళ్లి కుర్చీలో కూర్చుంటుంది. కొడుకో, అల్లుడో, మరిదో కౌంటర్‌లో డబ్బు కట్టి, ఒంట్లో లోహం ఏమైనా ఉందా, ఏ ఆపరేషన్లు అయ్యాయి అని అడిగే ఫారం తీసుకుని, నిలబడే నింపేస్తాడు. ప్రశ్నలన్నిటికీ వరసగా ‘లేదు’ దగ్గర టిక్కు పడిపోతుంది. చివర్లో మాత్రం “అమ్మా, ఇక్కడ సంతకం పెట్టు” అంటాడు. ఆవిడ చదవకుండానే పెడుతుంది.

నాలుగేళ్ల కిందట నల్లగొండ వైపు నుంచి యాభై దాటిన ఒకావిడ వచ్చింది. ఫారంలో అన్నీ ‘లేదు’లే. బట్టలు మార్చుకునే గదిలో గౌను తాళ్లు ముడేస్తూ, కొప్పులో పిన్నులుంటాయి విప్పమ్మా అన్నాను. విప్పింది. కుడి కణత పైన వెంట్రుకలు మొలవని సన్నటి గీత, వేలెడు పొడవున కనిపించింది. ఇదేంటమ్మా అని అడిగాను. “అదా బిడ్డా, మా చిన్నోడు ఒకటో తరగతిల ఉన్నప్పుడు తలల నరం ఉబ్బిందని ఆపరేషన్ జేసిన్రు. క్లిప్పు వెట్టిన్రంట” అంది. ఫారం నింపింది ఆ చిన్నోడే. అప్పటికి వాడికి ఆరేళ్లు. ఇంట్లో ఎవరూ వాడికి చెప్పలేదు. పాత క్లిప్పుల్లో కొన్ని రకాలు అయస్కాంతం దగ్గర కదులుతాయి. మెదడు రక్తనాళాన్ని పట్టుకుని ఉన్న క్లిప్పు కదిలితే రక్తం మెదడులోకి వస్తుంది. ఆ రోజు స్కాన్ ఆపేశాం. ఆపరేషన్ చేసిన ఆస్పత్రి నుంచి ఆ క్లిప్పు ఏ కంపెనీదో, ఏ మోడలో కాగితం తెచ్చేదాకా ఆవిడను తలుపు దాటనివ్వలేదు. నేను కొప్పు విప్పమనకపోయి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అందుకే చెబుతున్నాను, ఫారం ఆవిడే నింపాలి. చదువు రాకపోతే ఒక ఆడమనిషి పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్న చదివి వినిపించాలి. ఆవిడ నోటితో చెప్పిందే రాయాలి. మగవాళ్లు ఆ పది నిమిషాలూ బయట టీ తాగి రండి. కొడుకుకు అమ్మ మీద ప్రేమ లేదని నేననడం లేదు. ఆ ఫారంలో అడిగేవాటిలో సగం కొడుకుకు తెలియవు, మిగిలిన సగం అమ్మ కొడుకు ముందు చెప్పదు.

నెలసరి తేదీనే తీసుకోండి. ఇంకా నెలసరి వస్తున్నవాళ్లకు బ్రెస్ట్ ఎంఆర్‌ఐ, నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కేస్తే 7 నుంచి 14వ రోజు మధ్యలో చేయడం మంచిది. మిగతా రోజుల్లో హార్మోన్ల వల్ల మామూలు కణజాలం కూడా కాంట్రాస్ట్ మందును (గడ్డలు స్పష్టంగా కనబడాలని నరంలోకి ఎక్కించే మందు) ఎక్కువగా పీల్చుకుని తెల్లగా వెలుగుతుంది. ఆ వెలుగులో చిన్న గడ్డ దాక్కోవచ్చు. లేదా ఏమీ లేనిచోట గడ్డలా అనిపించవచ్చు. ఒకామె భర్త ఫారంలో ఉజ్జాయింపుగా ఏదో తేదీ వేశాడు. నిజానికి ఆమెకు అది 22వ రోజు. రెండు వైపులా చుక్కలు చుక్కలుగా వెలిగింది. రిపోర్టులో ‘అనుమానం, మళ్లీ చూడాలి’ అని వచ్చింది. రెండు నెలలు ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. సరైన వారంలో మళ్లీ తీస్తే ఏమీ లేదు. ఆ తేదీ ఆమెకు తెలుసు. ఆమెను ఎవరూ అడగలేదు.

ఒక మాట మాత్రం మర్చిపోవద్దు. క్యాన్సర్ అని ముందే తేలి, ఎంత వరకు ఉందో చూడటానికి డాక్టర్ స్కాన్ రాస్తే తేదీల కోసం ఆగొద్దు. నెలసరి ఆగిపోయినవాళ్లకు ఈ లెక్క లేదు, కానీ హార్మోన్ మాత్రలు వేసుకుంటుంటే చెప్పాలి.

గర్భం సంగతీ అంతే. కొత్త కోడలు అత్తగారి ఎదురుగా ‘ఈ నెల తప్పింది’ అని చెప్పలేక తల దించుకుంటుంది. కాంట్రాస్ట్‌లోని గాడోలినియం మాయను దాటి బిడ్డను చేరుతుంది కాబట్టి తప్పనిసరైతే తప్ప గర్భిణికి ఇవ్వరు. పాలిచ్చే తల్లులు మాత్రం భయపడనక్కర్లేదు. పాలలోకి వెళ్లేది చాలా చాలా తక్కువ, పాలు మానక్కర్లేదు. అయినా మనసు ఒప్పకపోతే ముందే పాలు పిండి నిల్వ చేసుకుని, 24 గంటలు అవి పట్టించండి.

కిడ్నీ జబ్బు, డయాలసిస్ ఉంటే తప్పక చెప్పాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో కొన్ని పాత రకం గాడోలినియం మందులకూ, చర్మం చెక్కలా బిగుసుకుపోయే జబ్బుకూ సంబంధం ఉందని 2006లో బయటపడింది. ఇప్పుడు వాడే మందుల్లో ఎక్కువ వాటితో ఆ ప్రమాదం చాలా తక్కువ. అయినా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) రిపోర్టు చేతిలో ఉంటే ఏ మందు వాడాలో డాక్టర్ నిర్ణయించగలరు. ఇంతకుముందు ఏ స్కాన్‌లోనైనా ఇంజెక్షన్ పడక దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే అదీ చెప్పాలి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ను గాడోలినియం కోసం ఆపక్కర్లేదు. ఆ మాట సీటీ స్కాన్ గురించి విన్నది, ఇక్కడికి తెచ్చి కలపకండి.

ఇక పుస్తెలతాడు. బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా అని వాదిస్తారు. అంటుకోదు, నిజమే. కానీ గొలుసు సరిగ్గా గుండెల మీద, మేం చూడాల్సిన చోటే పడుతుంది. లోహం పక్కన బొమ్మ చెదిరి నల్లటి గుంటలా వస్తుంది, దాని వెనక ఏముందో కనిపించదు. గొలుసు వేడెక్కి చర్మం కాలే ప్రమాదమూ ఉంది. వీటికి తోడు మన ఆడవాళ్లు తాడుకే పిన్నీసులు తగిలించుకుంటారు. ఒకసారి ఒకావిడ తాడుకు వేలాడుతున్న పిన్నీసులు లెక్కపెట్టాను, ఐదు. ఇనుప పిన్నీసు ఆ గదిలో ఎగురుతుంది. తాడు తీయడం ఇష్టం లేనివాళ్లు పసుపు కొమ్ము కట్టిన దారం ఇంటి దగ్గరే వేసుకుని రండి. అది నూలు దారం, దానితో ఇబ్బంది లేదు. మొలతాడుకు, జబ్బకు కట్టుకున్న తాయెత్తుల్లో రేకు ఉంటుంది, అవీ తీయాలి. మెట్టెలు, ముక్కుపుడక, సవరంలో పిన్నులు కూడా. రాని గాజులకు ఇంటి దగ్గరే సబ్బు నురగ పెట్టి తీయండి, మా కౌంటర్ దగ్గర ఏడుస్తూ లాక్కోవద్దు.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు ఫోన్‌లోనే ఒకటి అడగండి: “మీ దగ్గర బ్రెస్ట్ కాయిల్ ఉందా?” కాయిల్ అంటే శరీరం నుంచి వచ్చే సిగ్నల్ పట్టే పరికరం. ఈ స్కాన్‌కు బోర్లా పడుకోవాలి, రొమ్ములు రెండూ ఆ కాయిల్‌లోని రెండు గుంటల్లోకి వేలాడాలి. మామూలు కాయిల్ పైన పరిచి వెల్లకిలా తీస్తే డబ్బు దండగ. మామోగ్రామ్‌కు బదులుగా ఇది చేయించుకోవద్దు. మామోగ్రామ్‌లో కనిపించే సన్నటి సున్నపు చుక్కలు ఎంఆర్‌ఐలో కనిపించవు. పాత ఫిల్ములు, రిపోర్టులు కవర్‌తో సహా తీసుకురండి.

లోపల అరగంట పడుతుంది. ముందు మందు లేకుండా బొమ్మలు తీస్తాం, తర్వాత మందు ఎక్కించి అవే బొమ్మలు మళ్లీ మళ్లీ తీస్తాం. మొదటి రెండు నిమిషాల బొమ్మలు చాలా ముఖ్యం, క్యాన్సర్ గడ్డ మామూలుగా అప్పుడే వెలుగుతుంది. తర్వాత కంప్యూటర్ మందు ఎక్కాక తీసిన బొమ్మలోంచి మందు లేని బొమ్మను తీసేస్తుంది. మధ్యలో మీరు కొద్దిగా జరిగినా రెండు బొమ్మలూ కలవవు, తీసివేత తప్పుతుంది. దగ్గు ఉంటే ముందే చెప్పండి. మూసిన చోట భయమైతే ముందే చెప్పండి. చేతికిచ్చే బంతి నొక్కితే మేం వెంటనే వస్తాం, మొహమాటపడకుండా నొక్కండి.

స్కాన్ చేసే కొత్త టెక్నీషియన్లకు రెండు మాటలు. కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) పడుకోబెట్టకముందే పెట్టండి, బోర్లా తిప్పాక సెలైన్‌తో ఇంకోసారి చూడండి. చనుమొన కిందికి నిటారుగా ఉండాలి, చర్మం ముడత పడకూడదు. కదలకుండా పట్టి ఉంచండి గానీ గట్టిగా నొక్కొద్దు, నొక్కితే మందు సరిగ్గా ఎక్కదు. చంక భాగం వదిలేయొద్దు. గుండె కదలిక నీడ రొమ్ముల మీద పడకుండా ఫేజ్ దిశ (కదలిక నీడ ఏ వైపు పరుచుకోవాలో తేల్చే సెట్టింగ్) ఎడమ నుంచి కుడికి పెట్టండి. చేతులు రెండూ కలిపి పట్టుకోనివ్వద్దు, తొడలు ఒకదానికొకటి తగలకుండా ప్యాడ్ పెట్టండి, చర్మం చర్మానికి తగిలినచోట కాలుతుంది. రియాక్షన్ వస్తే ముందు మనిషిని బయటకు తీసుకురండి, చికిత్స బయటే. లోపలికి సిలిండర్ తెచ్చేవాణ్ణి ఎంత పెద్ద డాక్టరైనా ఆపండి. ఫారంలో ‘లేదు’ అని ఉందిగా అనొద్దు. తలుపు దగ్గర ఆవిడను మళ్లీ అడగండి, ఒంటరిగా అడగండి.

ఇంకా కొన్ని, వరసగా.

రొమ్ము తీసేశాక కొత్తగా కట్టడానికి లోపల ఎక్స్‌పాండర్ (చర్మాన్ని మెల్లగా సాగదీసే సంచి) పెట్టి ఉంటే చెప్పండి, కొన్నిటిలో ద్రవం ఎక్కించే పోర్టు దగ్గర అయస్కాంతం ఉంటుంది.

పేస్‌మేకర్, చెవిలో ఇంప్లాంట్, స్టెంట్, కాపర్ టీ, దేనికైనా కార్డు ఉంటే తెండి. కార్డు లేకపోతే ఏ ఏడాది, ఏ ఆస్పత్రి అన్నదైనా రాసుకుని రండి.

బయాప్సీలో గుర్తు క్లిప్పు పెట్టారా, చెప్పండి.

చేతికి అంటించుకునే షుగర్ సెన్సార్ గురించి అపాయింట్‌మెంట్ రోజే అడగండి.

చర్మానికి అంటించుకునే మందు పట్టీలు తీయండి, కొన్నిటి వెనక రేకు ఉంటుంది.

వెండి, రాగి దారం నేసిన లెగ్గింగ్స్, లోదుస్తులు వద్దు. గౌను మాత్రమే.

కాటుక, మస్కారా తుడుచుకోండి.

పరగడుపున రావాలా వద్దా సెంటర్‌ను అడగండి, ఇన్సులిన్ తీసుకుని ఖాళీ కడుపుతో రావద్దు.

వెంట వచ్చినవాళ్లు, లోపల నుంచి ఆవిడ పిలిచినా పరుగెత్తుకెళ్లొద్దు. కేక వేయండి, మేం తీసుకొస్తాం.

ఇంజెక్షన్ దగ్గర మంట, ఉబ్బు అనిపిస్తే ఓర్చుకోవద్దు.

అయ్యాక అరగంట కూర్చోండి. బస్సు పోతే ఇంకో బస్సు ఉంటుంది.

ఫారం వేరేవాళ్లు నింపేశారా? చించేసి కొత్తది అడగండి.

నింపిన ఫారాన్ని ఫోటో తీసి ఆవిడ ఫోన్‌లోనే ఉంచండి. ఎప్పుడు ఏ ఆపరేషన్ అయిందో, లోపల ఏం పెట్టారో దాని కింద రాసిపెట్టండి, వచ్చే ఏడాది స్కాన్‌కు వచ్చినప్పుడు కౌంటర్‌లో అదే చూపించండి.