విస్టీరియా పూత పట్టడం లేదా? కారణాలు, చేయాల్సినవి

వేలాడే పూగుత్తుల కోసం పెంచే తీగ విస్టీరియా. అది పూయకపోతే చాలామంది వెంటనే ఎరువు వేసేస్తారు. తొందరపడకండి. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ మొక్క గింజ నుంచి మొలిచిందా, అంటు కట్టిందా?

ఏళ్లు గడిచినా ఒక్క పూగుత్తి కూడా రాలేదు

గింజ మొక్క పూతకు రావడానికి 10 నుంచి 20 ఏళ్లు పట్టొచ్చు. అంటు మొక్క అయితే సాధారణంగా నాటిన 3, 4 ఏళ్లకే పూస్తుంది. నేలకు కాస్త పైన కాండం మీద ఉబ్బు గానీ వంకర గానీ ఉంటే అది అంటు కట్టిన చోటు కావచ్చు. గింజ మొక్కే అని తేలితే దాన్ని తొందరపెట్టే మందేమీ లేదు. నా సలహా అడిగితే, పూలతో ఉన్న అంటు మొక్కనే చూసి కొనుక్కోండి. అంతకాలం ఆగలేమనుకునేవాళ్లకు అమెరికా జాతిలోని 'అమెథిస్ట్ ఫాల్స్' అనే రకం మంచి ఎంపిక. చిన్న వయసులోనే పూస్తుంది, చైనా, జపాన్ జాతులంత విపరీతంగా పాకదు.

ఆకులు దట్టంగా ఉన్నాయి, పూలు లేవు

ఇక్కడ తప్పు ఎక్కువగా మన అతి శ్రద్ధదే. విస్టీరియా చిక్కుడు కుటుంబానికి చెందిన తీగ. వేళ్ల మీది బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని దానికి అందిస్తుంది. పైనుంచి మనం మళ్లీ నత్రజని వేస్తే బలమంతా ఆకులకే పోతుంది. ఆ ఎరువు ఆపేయండి. పక్కన లాన్ ఉంటే దానికి వేసే ఎరువు కూడా ఈ వేళ్లకు చేరుతుందని మరవకండి. నేల మరీ సారం లేనిదైతే వసంతంలో కొంచెం పొటాష్ చాలు.

ఎండ కూడా చూడండి. రోజుకు కనీసం 6 గంటలు నేరుగా తగలాలి. నీడలో తీగ బాగానే పెరుగుతుంది కానీ పూత పలచబడుతుంది.

కత్తిరించాక పూత తగ్గింది

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చైనా, జపాన్ జాతుల్లో వచ్చే వసంతపు పూమొగ్గలు ముందటి వేసవిలోనే తయారవుతాయి. చలికాలంలో తీగనంతా గొరిగేస్తే ఆ ఏడాది పూలన్నీ నేలపాలే.

కత్తిరింపు ఏడాదికి రెండుసార్లు. పూత అయిపోయిన రెండు నెలలకు, ఆ ఏడాది వచ్చిన పొడవాటి పచ్చి తీగల్ని 5, 6 ఆకులుంచి కత్తిరించండి. పందిరి మీదకు పాకించాలనుకున్న తీగల్ని మాత్రం వదిలేయండి. చలికాలంలో ఆకులు రాలాక అవే కొమ్మల్ని 2, 3 మొగ్గల వరకు కురచ చేయండి. అప్పుడు మొగ్గల్ని గుర్తుపట్టడం తేలిక: లావుగా గుండ్రంగా ఉన్నది పూమొగ్గ, సన్నగా కొమ్మకు అతుక్కున్నది ఆకు మొగ్గ. లేత మొక్కకు మొదటి రెండు మూడేళ్లు పూల గురించి టెన్షన్ పడకుండా, గట్టి ఆధారం ఇచ్చి ప్రధాన కొమ్మల్ని నిలబెట్టండి. ముదిరితే ఈ తీగ పలచని చెక్క పందిరిని నలిపేయగలదు.

మొగ్గలు వచ్చి రాలిపోయాయి

వసంతంలో ఆలస్యంగా గడ్డకట్టే మంచు పడితే ఉబ్బిన మొగ్గలు మాడిపోతాయి. అలాంటి రాత్రుల్లో పలచని గుడ్డ కప్పండి. మంచు పడకపోయినా రాలితే, ముందటి వేసవి చివర్లో నీళ్లు చాలకపోయి ఉండొచ్చు. మొగ్గ కట్టే కాలంలో నేల పూర్తిగా ఎండిపోనివ్వకండి. పక్షులు మొగ్గల్ని పొడుస్తుంటే వల కట్టడమే.

అడుగునుంచి పిలకలు తన్నుకొస్తున్నాయి

అంటు కట్టిన చోటుకు కింద వచ్చేవన్నీ వేరుమొక్కవి, అంటే అంటు కట్టడానికి అడుగున వాడిన మొక్కవి. వాటిని వదిలేస్తే మంచి రకాన్ని మించిపోతాయి. పుట్టినచోటికంటా తీసేయండి.

నాటాక చిగురే రాలేదు

వెంటనే పీకేయకండి. కొత్తగా నాటిన విస్టీరియా ఒక్కోసారి వేసవి మొదలయ్యేదాకా చిగురించదు. గోటితో బెరడు కొంచెం గీకి చూడండి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మట్టి తేమగా ఉంచండి, చోటు మాత్రం మార్చకండి. వేళ్లు కదిలితే మళ్లీ కుదురుకోవడానికి చాలా కాలం పడుతుంది.

పూసిన తర్వాత కాయలు కడితే పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా కోసేయండి. ఆ కాయలు, గింజలు విషపూరితం.