షెంగెన్ ఫైలు, 5వ పాఠం: అండోరా వెళ్లొస్తే ఎంట్రీలు ఎన్ని?

ఈ పాఠాలు షెంగెన్ వీసా ఫైళ్లు తయారుచేసేవారి కోసం. షెంగెన్ అంటే తమలో తాము సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల కూటమి, ఎంట్రీ అంటే బయటి నుంచి అందులోకి ఒకసారి ప్రవేశించడం. పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసం మరోసారి ముందు పెట్టుకోండి: ఈ ప్రయాణానికి ఎన్ని ఎంట్రీల వీసా, ఎన్ని రోజులకు, ఏ కాన్సులేటులో అడగాలి? చెంగ్డూ దంపతులు, ఇద్దరివీ మామూలు చైనా పాస్‌పోర్టులు. బార్సిలోనాలో 3 రాత్రులు, అండోరాలో 2, తులూజ్‌లో 2, మళ్లీ బార్సిలోనాలో 1, అక్కడి నుంచి ఇంటికి. జవాబుల్లో చాలా భాగం ఒకే చోట బోర్లాపడ్డాయి: "అండోరాకు వీసా అక్కర్లేదు కాబట్టి సింగిల్ ఎంట్రీ చాలు." ఇందులో మొదటి సగం నిజం, రెండో సగం తప్పు. అందుకే ఈసారి చెప్పాలనుకున్న హోటల్ బుకింగుల సంగతి పక్కన పెడుతున్నాను. ముందు ఇది తేలాలి.

అండోరా పర్యాటకులకు వీసా ఇవ్వదు, అడగదు. కానీ అక్కడ విమానాశ్రయం లేదు, రైలూ లేదు. స్పెయిన్ నుంచో ఫ్రాన్స్ నుంచో రోడ్డు మీదే వెళ్లాలి. ఆ రెండూ షెంగెన్ దేశాలు, అండోరా కాదు. బార్సిలోనాలో దిగినప్పుడు ఒక ఎంట్రీ ఖర్చవుతుంది. స్పెయిన్ వైపు లా ఫర్గా దె మోలెస్ దగ్గర సరిహద్దు దాటి అండోరాలోకి వెళ్లగానే షెంగెన్ నుంచి బయటపడ్డట్టే. అండోరా సరిహద్దు ఊరు పాస్ దె లా కాసా మీదుగా ఫ్రాన్స్‌లోకి దిగితే అది రెండో ఎంట్రీ. తులూజ్ నుంచి బార్సిలోనాకు వెళ్లడం షెంగెన్ లోపలి ప్రయాణం, లెక్కలోకి రాదు. ఈ దంపతులకు కావలసినవి రెండు ఎంట్రీలు.

లెక్క ఇలా కట్టండి: షెంగెన్ బయటి నుంచి లోపలికి ఎన్నిసార్లు అడుగు పెడతారో అన్ని ఎంట్రీలు. మధ్యలో లండన్ వెళ్లొస్తే ఇంకొకటి కలుస్తుంది. దారిలో ఇస్తాంబుల్‌లో విమానం మారితే ఏమీ కలవదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారి బార్సిలోనా వెళ్తే కూడా సంఖ్య పెరగదు, కాకపోతే మొదటి ప్రవేశ దేశం జర్మనీ అవుతుంది. దరఖాస్తులో ఆ గడి మార్చాలి.

"బస్సులో పాస్‌పోర్టు ఎవరూ చూడరుగా" అని కొందరు రాశారు. ఆ సరిహద్దులో తనిఖీ ప్రతిసారీ ఉండకపోవచ్చు. ఉన్న రోజున మాత్రం, 01 (సింగిల్ ఎంట్రీ) అని రాసి ఉన్న వీసా ఒకసారి వాడేసినదే. ఇంకొకరి పాస్‌పోర్టు మీద పందెం కాసే హక్కు ఫైలు తయారుచేసేవారికి లేదు.

మిగతా బుల్లి దేశాలతో దీన్ని కలిపేయకండి. సాన్ మారినో, వాటికన్, మొనాకోలకు సరిహద్దు తనిఖీ లేకుండానే వెళ్లిరావచ్చు, సింగిల్ ఎంట్రీ సరిపోతుంది. లీక్టెన్‌స్టెయిన్ 2011 నుంచి షెంగెన్‌లోనే ఉంది. భారత పాస్‌పోర్టుతో వెళ్లే మనవాళ్లకూ అండోరా లెక్క ఇదే.

ఇక రోజుల దగ్గర జాగ్రత్త ఇంకో రకం. ఎంట్రీల లెక్కలో అండోరా బయటి దేశం. రోజుల లెక్కలో మాత్రం దాన్ని లోపలిదిగానే వేసుకోండి, ఎందుకంటే ఆ రోడ్డు మీద నిష్క్రమణ నమోదవుతుందన్న భరోసా లేదు. 8 రాత్రులంటే 9 రోజులు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ కలుస్తాయి. అండోరా రోజులు తీసేసి 7 అడిగినవారు దిద్దుకోండి.

ఏ దేశ కాన్సులేటులో దరఖాస్తు చేయాలన్నది చిన్న విషయం. స్పెయిన్‌లో 4 రాత్రులు, ఫ్రాన్స్‌లో 2, కాబట్టి స్పెయిన్. అండోరా రాత్రులు ఎవరి ఖాతాలోనూ వేయకూడదు. సమానమైతే ముందు అడుగుపెట్టే దేశం.

అడిగినంత మాత్రాన రెండు ఎంట్రీలు రావు, కారణం కనిపించాలి. నేనైతే ప్రయాణ పట్టిక ఒక్క పేజీలోనే ఉంచి, అండోరా హోటల్ బుకింగు, అక్కడి నుంచి తులూజ్ బస్సు టికెట్టు దాని వెంటనే పెడతాను. వీసా చేతికి రాగానే ఎంట్రీల గడి చూడాలి: 01, 02, లేదా మల్ట్ (ఎన్నిసార్లైనా). అడిగింది 02 అయి, వచ్చింది 01 అయితే బయల్దేరకముందే కాన్సులేటుకు రాయాలి.

బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలని అందరూ సరిగ్గానే రాశారు. కానీ పాలసీలో "షెంగెన్ దేశాలు" అని మాత్రమే ఉంటే అండోరా అందులోకి రాదు. ఆ పేరు విడిగా ఉండాలి. స్కీయింగ్ చేస్తే అది కూడా ఉండాలి.

పేర్ల విషయంలో ఒక్క మాట. చైనా పాస్‌పోర్టుల్లో "ల్యూ" ఇంటిపేరు పాతవాటిలో ఎల్-వి అని, 2012 తర్వాతివాటిలో ఎల్-వై-యు అని ఉంటుంది. టికెట్టు, బీమా, హోటలు అన్నీ ఇప్పుడు చేతిలో ఉన్న పాస్‌పోర్టు ప్రకారమే. తేదీ వాళ్లు ఏడాదితో మొదలుపెట్టి రాస్తారు, దరఖాస్తుకు రోజు ముందు రావాలి. ఉద్యోగ ధ్రువపత్రం మీద కంపెనీ ఎర్రముద్ర, హుకౌ (చైనాలో కుటుంబ నమోదు) పుస్తకం అనువాదం సంగతి 2వ పాఠంలో ఉంది.

ప్రయాణికులకు ఇవీ చెప్పండి: యూరప్ సిమ్ ప్యాకుల్లో చాలావాటికి అండోరా వర్తించదు, సరిహద్దు దగ్గరే డేటా ఆపేయాలి. అండోరా నుంచి తిరిగొచ్చేటప్పుడు సుంకం లేకుండా తేగలిగేవి మనిషికి 300 సిగరెట్లు, ఘాటు మద్యం లీటరున్నర, ఇతర వస్తువులు 900 యూరోల వరకు. దాటితే కస్టమ్స్‌కు చెప్పాలి. చలికాలంలో అద్దె కారు తీసుకుంటే మంచు టైర్లో, చైన్లో తప్పనిసరి. నా ఓటు బస్సుకే.

అభ్యాసం: తల్లిది హాంకాంగ్ పాస్‌పోర్టు. తండ్రిది, 8 ఏళ్ల కొడుకుది చైనా పాస్‌పోర్టులు. పారిస్ 2 రాత్రులు, తులూజ్ 1, అండోరా 3, బార్సిలోనా 2, లండన్ 2, పారిస్ 1, అక్కడి నుంచి షాంఘై. ఎవరికి షెంగెన్ వీసా కావాలి, ఏ కాన్సులేటు, ఎన్ని ఎంట్రీలు, ఎన్ని రోజులు, మొత్తం ఫీజు ఎంత (పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45), బ్రిటన్‌కు ఎవరికి ఏం కావాలి? ఒక్కో జవాబు పక్కన కారణం ఒక వాక్యంలో రాయండి. కారణం లేని జవాబు దిద్దను.