గేమ్ ఖాతా లాక్ అయిందా, జెమ్స్ నిల్వ మైనస్‌లోకి వెళ్లిందా?

సమస్య: ఖాతాను నిలిపివేసినట్లు లాగిన్‌లోనే సందేశం వస్తుంది, లేదా ఖాతా తెరుచుకున్నా ట్రేడింగ్ పనిచేయదు, నిన్నటిదాకా ఉన్న జెమ్స్ (గేమ్‌లో వాడే కరెన్సీ) నిల్వ మైనస్ అంకె చూపిస్తుంది. చాలామంది కంగారులో వెంటనే అప్పీలు రాసేస్తారు. దయచేసి ముందు లావాదేవీల చరిత్ర తెరిచి, గత నాలుగు నెలల్లో అధికారిక స్టోర్ నుంచి కాకుండా వచ్చిన జెమ్స్, గోల్డ్ వంటి ప్రతి గేమ్ కరెన్సీనీ, ప్రతి గిఫ్ట్‌నూ తేదీతో సహా రాసుకోండి. పది నిమిషాల ఈ పనిని వదిలేసి, రెండుసార్లు తిరస్కరణ అందుకున్నాక సాయం కోసం వచ్చినవారిని లెక్కలేనంతమందిని చూశాను.

కారణం: బయటి విక్రేత దగ్గర చవకగా కొన్న కరెన్సీ. కొని రెండు నెలలైంది, అప్పుడేమీ కాలేదు కాబట్టి కారణం అది కాదనుకోవడమే అసలు పొరపాటు. విక్రేత దొంగిలించిన కార్డుతో స్టోర్‌లో జెమ్స్ కొని, మీకు సగం ధరకు అమ్ముతాడు; మీరిచ్చిన డబ్బు అతని చేతిలో మామూలు అమ్మకపు సొమ్ముగా కనిపిస్తుంది, దొంగ సొమ్ము మాత్రం మీ ఖాతాలో మిగులుతుంది. కార్డు అసలు యజమాని స్టేట్‌మెంట్ చూసుకుని ఫిర్యాదు చేసినప్పుడు, బ్యాంకు ఆ మొత్తాన్ని గేమ్ సంస్థ నుంచి వెనక్కి తీసుకుంటుంది. ఇలాంటి ఫిర్యాదుకు సాధారణంగా 120 రోజుల వరకు గడువు ఉంటుంది. అప్పుడు సంస్థ ఆ జెమ్స్ చివరికి చేరిన చోటు వెతికి కోత పెడుతుంది. మీరు అప్పటికే ఖర్చు చేసి ఉంటారు కనుక నిల్వ మైనస్ అవుతుంది.

ఇది అరుదైన దందా కాదు. కౌంటర్-స్ట్రైక్ అనే షూటింగ్ గేమ్‌లో బహుమతి పెట్టెలు తెరిచే కీలను ఆటగాళ్లు డబ్బుకు కొంటారు; అలా కొని చేతులు మారుతున్న కీలలో దాదాపు అన్నీ మోసపు సొమ్ముతో కొన్నవేనని చెప్పి, కొత్తగా కొనే కీల మార్పిడిని ఆ గేమ్ సంస్థ వాల్వ్ 2019లో ఆపేసింది.

ఒక ఆటగాడు తాను ఏమీ కొనలేదని గట్టిగా చెప్పాడు. చరిత్రలో మాత్రం ఒక మామూలు చెక్క డాలు గేమ్‌లోని వేలంలో 20 లక్షల గోల్డ్‌కు అమ్ముడైనట్లు ఉంది. విక్రేత చెప్పినట్లే అతను ఆ డాలును వేలానికి పెట్టాడు. కొన్న గోల్డ్ అమ్మకం ముసుగులో అతనికి చేరింది.

పరిష్కారం: రాసుకున్న తేదీలు, మొత్తాలు, రసీదులతో జరిగింది జరిగినట్లు సపోర్ట్‌కు తెలపండి, వాళ్ల లాగ్‌లలో అదంతా ముందే ఉంటుంది, దాచినందువల్ల అప్పీలు పోతుంది. మైనస్ నిల్వను స్టోర్‌లో తీర్చే వీలుంటే తీర్చేయండి. మిగిలిన గోల్డ్‌ను స్నేహితుడి ఖాతాకు పంపితే అతని ఖాతా కూడా చిక్కుకుంటుంది. కోపంతో మీ సొంత చెల్లింపులపై బ్యాంకులో వివాదం వేయకండి, ఉన్న లాక్ ఇంకా బిగుస్తుంది. విక్రేతకు పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే మార్చి, రెండంచెల ధృవీకరణ పెట్టుకోండి.

సర్వర్ లోపం, సంస్థ పొరపాటున మీ ఖాతాను పట్టుకోవడం వంటివి కూడా జరగవచ్చు. సర్వర్ లోపమైతే సాధారణంగా చాలామందికి ఒకేసారి వస్తుంది, సంస్థే ప్రకటిస్తుంది. కానీ విక్రేత ఎవరి డబ్బునో మీ బ్యాంకు ఖాతాలో వేయించి ముందుకు పంపమని అడిగి ఉంటే, గేమ్ ఖాతా సంగతి పక్కన పెట్టి ఆ రోజే మీ బ్యాంకుకు చెప్పండి.