మనవరాలికి గుడ్డ కుందేలు, దానికో లంగా జాకెట్టు

జానెడు కన్నా కాస్త పొడుగుండే కుందేలుకి పావు మీటరు పాప్లిన్, 50 గ్రాముల ఫైబర్ దూది సరిపోతాయి. పాత చీర మెత్తగా ఉంది కదా అని ఒంటికి కూడా దాన్నే వాడబోతారు చాలామంది. వద్దు. ఏళ్ళ తరబడి ఉతికిన నేత, లోపలి దూది ఒత్తిడికి కుట్టు పక్కనే పిగిలిపోతుంది. చీరని లంగాకి దాచుకోండి. కొత్త పాప్లిన్‌ని మాత్రం ముందు నీళ్ళలో జాడించి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టండి. లేకపోతే బొమ్మని మొదటిసారి ఉతికినప్పుడు ముడుచుకుపోతుంది. ఇంట్లో బూరుగు దూది ఉన్నా దాన్ని తలగడకే ఉంచండి. తడిస్తే ఉండలు కడుతుంది, వానాకాలంలో ఓ పట్టాన ఆరదు.

కాగితం మీద గీసిన వెడల్పు దూది కూరాక ఉండదు. రెండంగుళాల మెడ గీస్తే, గుండ్రంగా నిండాక అది ఒకటింపావు అంగుళమే అవుతుంది. గీతలో ముద్దుగా కనబడిన సన్నటి మెడలన్నీ తల మోయలేక వాలిపోయేది ఇందుకే. కాబట్టి మెడని రెండంగుళాలకి తగ్గించకండి. తల ఎత్తు మూడు, వెడల్పు మూడున్నర; ఒళ్ళు పొడవు నాలుగు, భుజాల దగ్గర మూడు, అడుగున మూడున్నర అంగుళాలు. తల, ఒళ్ళు కలిపి ఒకే ముక్క. కాగితాన్ని నిలువుగా మడిచి సగమే గీసి కత్తిరిస్తే రెండు పక్కలూ సమానంగా వస్తాయి. చెవులు మూడున్నర పొడవు, ఒకటిన్నర వెడల్పు. కాళ్ళకీ అదే కొలత. చేతులు మూడు పొడవు, ఒకటింపావు వెడల్పు. ఇవన్నీ కుట్టు గీత కొలతలు. చుట్టూ పావంగుళం బట్ట వదలాలి.

బట్ట పడుగు (అంచు వెంబడి నడిచే దారాలు), బొమ్మ నిలువు ఒకే దిక్కున ఉండేట్టు చూడండి. పేక (అడ్డదారాల) వైపు బట్ట కాస్త ఎక్కువ సాగుతుంది, క్రాస్‌లో, అంటే ఏటవాలుగా అయితే మరీను. అడ్డదిడ్డంగా కత్తిరించిన కుందేలు ఒక పక్కకి ఉబ్బి మెలితిరుగుతుంది.

చెవులు, చేతులు, కాళ్ళ లాంటి చిన్న ముక్కల్ని ముందే కత్తిరించి కుట్టబోతే మిషను పళ్ళ కింద జారిపోతాయి. బట్టని మంచి వైపులు లోపలికి వచ్చేలా మడిచి, ఆకారం గీసి, గీత మీద కుట్టేసి, ఆ తర్వాత కత్తిరించండి. ఒంటికి, తలకి అతికే కొస తెరిచే ఉంచాలి. సూది 14 నంబరుది, కుట్టు చిన్నది. పొడుగు కుట్టయితే దూది సందుల్లోంచి తొంగి చూస్తుంది. చేత్తో కుట్టేవాళ్ళు టాకా వేసి వదిలేయకుండా, ప్రతి కుట్టుకీ సూదిని ఒక కుట్టంత వెనక్కి తెచ్చి గుచ్చాలి. వంపులున్న చోట కుట్టుకి నూలుపోగంత దూరం వరకూ గాట్లు పెట్టండి. గాట్లు లేని చెవి తిరగేస్తే కొసలో ముడతలు పడుతుంది. తిరగేయడానికి పెన్సిల్ మొద్దు కొస వాడండి, కత్తెర మొన కాదు.

ముక్కలు కలపకముందే, ముందు ముక్క మీద ముఖం కుట్టేయాలి. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, మూడు తీసుకోండి. కళ్ళు తల సగం ఎత్తుకి కాస్త కింద, మధ్యలో ఒకటింపావు అంగుళం ఎడంతో పెడితే పసితనం వస్తుంది. పైకి జరిపితే ముసలి కుందేలవుతుంది! మూడేళ్ళు నిండని పిల్లలకి కళ్ళుగా బొత్తాలు, పూసలు పెట్టనే వద్దు. ఎంత గట్టిగా కుట్టినా పళ్ళతో లాగుతారు, ఊడితే గొంతులో ఇరుక్కుంటుంది.

చేతుల్లో దూది కూరి, పై అరంగుళం ఖాళీగా వదలండి, మిషను పాదం అక్కడ నడవాలి. చెవుల్లో దూది అక్కర్లేదు. ఇక్కడే అందరూ తడబడేది: ముందు ముక్క మంచి వైపు మీద చేతులు, చెవులు లోపలికి తిరిగి పడుకోవాలి, తెరిచిన కొసలు బట్ట అంచుతో కలవాలి. వెనక ముక్కని బోర్లా పరిచి, అడుగు మాత్రం వదిలి చుట్టూ కుట్టండి. తిరగేస్తే చేతులు బయటికొస్తాయి. బయటికి చాచి కుట్టినవి లోపలే ఉండిపోతాయి, అప్పుడు కుట్టు విప్పడం తప్ప దారి లేదు.

దూదిని పిడికెళ్ళతో తోయకుండా నిమ్మకాయంత తీసుకుని విడదీసి, మొదట బుగ్గలకి, తర్వాత మెడకి గట్టిగా, ఒంట్లో కొంచెం వదులుగా కూరండి. కాళ్ళు అడుగున దూర్చి, అంచులు లోపలికి మడిచి, కనబడని కుట్టుతో రెండు వరసలు కుట్టి మూయండి. గుండుసూదులు ఎన్ని వాడారో మొదట్లో లెక్కపెట్టుకోండి, చివర్లో ఒక్కటి తగ్గినా అది కుందేలు కడుపులోనే ఉందనుకోవాలి. గట్టి అయస్కాంతంతో తడిమి చూడండి.

కాగితాన్ని నమ్మి బట్టలు కుట్టకండి, దూది నిండాకే నడుముకి టేపు చుట్టండి. ఈ కుందేలుకి ఏడంగుళాల దాకా వస్తుంది. లంగాకి చీర అంచుతో కలిపి 16 అంగుళాల వెడల్పు, నాలుగున్నర పొడవు ముక్క కావాలి. చీర కుచ్చిళ్ళ దగ్గర, ఫాల్ వెంబడి అరిగి ఉంటుంది, వెలుతురుకి పట్టి చూసి గట్టి చోటే తీసుకోండి. అంచు కిందికి వస్తే మడత కుట్టే పని తప్పుతుంది. ముక్క రెండు పక్కలూ కలిపి కుట్టి, పైన పావంగుళం, మళ్ళీ అరంగుళం మడిచి, కాస్త సందు వదిలి కుట్టి, పావంగుళం ఎలాస్టిక్ ఆరున్నర అంగుళాలు పిన్నీసుతో దోపి, కొసలు అరంగుళం ఒకదానిమీదొకటి వేసి కుట్టండి. బొందు పెడితే పిల్లలు లాగి పారేస్తారు, పైగా పొడుగు దారం మెడకి చుట్టుకునే ప్రమాదముంది. జరీ అంచు బొమ్మల కొలువుకి అందమే గానీ నోట్లో పెట్టుకునే పసివాళ్ళకి గీసుకుంటుంది. ఏడాది లోపు పిల్లల పక్కలో రాత్రిళ్ళు ఏ మెత్తటి బొమ్మా ఉంచకూడదు.

జాకెట్టు తల మీంచి దిగదు, చెవులు అడ్డం. అందుకే వెనక తెరుచుకోవాలి. ముందు ముక్క నాలుగున్నర వెడల్పు, మూడు పొడవు. వెనకవి రెండు, ఒక్కోటి మూడు బై మూడు. మెడ రెండంగుళాల వెడల్పు, ముందు ఒక అంగుళం లోతు. భుజాలు కలిపి, పక్క కుట్టు మొదలుపెట్టేముందు పైన ఒకటిన్నర అంగుళం చంకకి వదలండి. వెనక అంచులు అరంగుళం మడిచి వెల్క్రో కుట్టండి. గరుకు ముక్క బయటివైపుకి తిరిగి ఉండాలి, లోపలికి తిరిగితే కుందేలు వీపు మీద పోగులు లేపుతుంది. మూడేళ్ళ లోపు పిల్లలకి టిచ్ బటన్లు వద్దు, వాళ్ళకైతే జాకెట్టుని బొమ్మ ఒంటికే కుట్టేయండి.